తేనెటీగల చాతుర్మాస్యం

ఈ వారం వీడియోలో భాగవతం ఏకాదశ స్కంధంలోని అవధూత గురించి, ఆయన చెప్పిన 24 మంది గురువుల గురించి మాట్లాడుకున్నాం. అందులో తేనెటీగ దగ్గర రెండు నిమిషాలే ఆగగలిగాం. మిగతాది ఇక్కడ తీరిగ్గా చెప్పుకుందాం.

ముందు కథ ఒకసారి గుర్తు చేసుకుందాం. యదు మహారాజు అడవిలో ఒక అవధూతని చూస్తాడు. ఒంటి మీద సరైన బట్ట లేదు, చేతిలో చిల్లిగవ్వ లేదు, అయినా ముఖంలో ఆనందం వెలిగిపోతోంది. "స్వామీ, ఇది మీకెలా వచ్చింది?" అని అడిగితే ఆయన భూమి, గాలి, సముద్రం, ఏనుగు, చేప... ఇలా తన గురువుల పేర్లు వరసగా చెబుతాడు. శ్రీకృష్ణుడు ఉద్ధవుడికి చెప్పిన కథ ఇది.

తేనెటీగ దగ్గర ఆయన నేర్చుకున్నవి ముఖ్యంగా రెండు. ఒకటి, ఏ పువ్వునీ నొప్పించకుండా, ప్రతి పువ్వు దగ్గరా కొంచెం కొంచెం తీసుకోవడం. సన్యాసి నాలుగిళ్ళలో తలో ముద్ద అడగడాన్ని మధుకర వృత్తి అంటాం. మన పల్లెల్లో వేదం చదువుకునే పిల్లలు ఇంటింటికీ వెళ్ళి మధూకరం ఎత్తేవారని తాతగారి తరంవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆ మాట తేనెటీగ నుంచి వచ్చిందే. రెండోది, దాచుకోకపోవడం. సాయంత్రానికనీ రేపటికనీ భిక్షువు మూట కట్టకూడదు, కడితే తేనెటీగలాగే ఆ మూటతోపాటు తనూ పోతాడు అంటాడు అవధూత. అక్కడితో ఆగడు. పట్టులోంచి తేనె తీసుకుపోయే మనిషిని కూడా విడిగా ఒక గురువుగా లెక్కపెడతాడు. లోభి కష్టపడి కూడబెట్టినదాన్ని చివరికి వేరేవాడు తింటాడు, చూడండి అని.

ఇక్కడ నాకు చాలాకాలం ఒక సందేహం ఉండేది. మీలో చాలామందికీ వచ్చే ఉంటుంది. దాచుకోవద్దు అంటే బాగానే ఉంది. కానీ తేనెటీగ దాచుకోకపోతే బతుకుతుందా? మనమైనా, సేవింగ్స్ లేకుండా ఈ సిటీలో నెల గడుస్తుందా?

దీనికి జవాబు తేనెటీగల కష్టకాలంలో దొరుకుతుంది.

అమెరికాలో, కెనడాలో ఉంటూ మన ఛానల్ చూసేవాళ్ళకి చలికాలం సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. నెలల తరబడి మంచు, ఒక్క పువ్వు ఉండదు. అప్పుడు పెట్టెలోని ఈగలన్నీ రాణి ఈగని మధ్యలో పెట్టుకుని ఒక బంతిలా దగ్గరగా చేరతాయి. రెక్కలు కదపకుండా రెక్కల కండరాలని మాత్రం వణికిస్తూ వేడి పుట్టిస్తాయి. బయట నీళ్ళు గడ్డకడుతున్నా బంతి మధ్యలో వెచ్చగానే ఉంటుంది. అంచున ఉండి చలి తిన్నవి మెల్లగా లోపలికి జరుగుతాయి, లోపలివి అంచుకి వస్తాయి. ఈ వేడికంతటికీ ఇంధనం వేసవిలో దాచిన తేనే. బాగా చలి ఉండే రాష్ట్రాల్లో ఒక్కో పెట్టెలో 25 నుంచి 40 కిలోల దాకా తేనె ఈగలకే వదిలేస్తారు. అంతా పిండేసుకుంటే వసంతం వచ్చి పెట్టె తెరిచినప్పుడు కనిపించేది చచ్చిన ఈగల కుప్పే.

మరి మా అమలాపురంలో? మాకు మంచు లేదు, అంత చలీ లేదు. మా దగ్గర తేనెటీగలకి గండం ముసురు. ఆషాఢం నుంచి మొదలై రోజుల తరబడి తెరిపి ఇవ్వని వాన. కొబ్బరి చెట్టు ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది, దాదాపు నెలకో కొత్త గెల. అందుకే కొబ్బరి తోట తేనెటీగలకి మంచి చోటు. కానీ వానలో ఈగ ఎగరలేదు. పుప్పొడి తడిసిపోతుంది, మకరందం నీళ్ళవుతుంది. కళ్ళెదురుగా పూత ఉన్నా పెట్టెలో పస్తే. ఆపైన గోదావరికి వరద, దాని వెనకాల తుపాన్లు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలో కొబ్బరి తోటల్ని ఎలా పడగొట్టిందో మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. చెట్టు పడితే రైతు కష్టం పదిమందికీ కనిపిస్తుంది. ఆ చెట్టు పూత మీద బతికే ఈగ కష్టం ఎవరికీ కనిపించదు.

ఆకలేస్తే మన నాటు తేనెటీగ ఏం చేస్తుందో తెలుసా? ఇల్లు వదిలేసి వెళ్ళిపోతుంది. ఓ ఉదయం చూస్తే పెట్టె ఖాళీ.

మా మావయ్య కొబ్బరి తోటలో ఆరు పెట్టెలు ఉన్నాయి. వానల ముందు తీసే ఆఖరి తేనె విషయంలో ఆయన చాలా గట్టి. పై అరలోది కొంత తీస్తాడు, పిల్లలుండే కింద అర జోలికి వెళ్ళడు. ముసురు పట్టాక పంచదార, నీళ్ళు సమానంగా కలిపి, కాచి చల్లార్చి, కొబ్బరి చిప్పలో పోసి పెట్టె లోపల పెడతాడు. ఈగలు మునిగిపోకుండా అందులో నాలుగు పుల్లలు వేస్తాడు. అదీ సాయంత్రం పూటే. పగలు పెడితే వాసనకి వేరే పెట్టెల ఈగలు దోపిడీకి వస్తాయట. గుమ్మం చిన్నది చేస్తాడు. నీళ్ళు లోపల నిలవకుండా పెట్టెని కొద్దిగా ముందుకి వంచుతాడు. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడతాడు. ఈగలు కప్పలేని ఖాళీ పట్లకి మైనపు పురుగు పడుతుందని వాటిని తీసేస్తాడు. వాన కురుస్తున్నంతసేపూ మూత తెరవడు.

ఒకసారి అడిగాను. "మావయ్యా, తేనె అమ్మితే వచ్చిన డబ్బులు పంచదారకే పోతున్నట్టున్నాయి కదా?"

ఆయన చిప్పలో పుల్లలు సర్దుతూనే అన్నాడు. "ఒరేయ్ అబ్బాయ్, వేసవంతా దానింట్లోంచి తెచ్చుకు తిన్నాం. ముసురులో దానికింత పెట్టకపోతే మనమేం మనుషులం రా? చాతుర్మాస్యంలో స్వామివారు వస్తే భిక్ష పెట్టమూ? ఇదీ అంతే."

ఆ మాటతో నా సందేహం విడిపోయింది.

చాతుర్మాస్యం అంటే తెలుసు కదా. ఆషాఢ శుద్ధ ఏకాదశి, అంటే మన తొలి ఏకాదశి నాడు శ్రీమహావిష్ణువు యోగనిద్రలోకి వెళ్ళి, కార్తిక శుద్ధ ఏకాదశికి మేల్కొంటాడు. ఊరూరా తిరిగే సన్యాసులు ఈ వానాకాలంలో ఒకేచోట ఉండిపోతారు. పక్షాన్నే మాసంగా లెక్కించి రెండు నెలలు పాటించే పీఠాలూ ఉన్నాయి. ఎందుకు ఆగడం? వానల్లో పుట్టే పురుగూ పుట్రా కాలికింద పడి చావకూడదని. చూడండి, ఆ నియమం పుట్టిందే చిన్న ప్రాణుల కోసం.

మరి ఏమీ దాచుకోని సన్యాసి, తిరగడం కూడా మానేస్తే ఎలా బతుకుతాడు? గృహస్థు పెడతాడు. ఆ గృహస్థు దగ్గర నిల్వ ఉంది కాబట్టి పెట్టగలుగుతాడు. అంటే మన ధర్మం సన్యాసిని దాచవద్దంది, గృహస్థుని దాచి పెట్టమంది. రెండు మాటలూ కలిస్తేనే ఊరు నడుస్తుంది.

తేనెటీగ ఒక్కదాన్నీ తీసుకోండి. పని జోరుగా ఉన్న నెలల్లో కూలి ఈగ ఆయుష్షు సుమారు ఆరు వారాలు. ఫాల్గుణంలో తేనె తెచ్చిన ఈగ ఆషాఢం చూడదు. ఎన్నో పువ్వులు తిరిగి తెచ్చింది పట్టులో పోసేస్తుంది. తనకంటూ ఒక్క గది కూడా ఉండదు. ఆ తేనె తినేది ఎవరు? తను ముఖం కూడా చూడని చెల్లెళ్ళు. ఫలం మీద ఆశ లేకుండా పని చెయ్యమని గీతలో కృష్ణుడు చెప్పినదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కాబట్టి ఈగగా చూస్తే అది సన్యాసి, పట్టుగా చూస్తే గృహస్థు. అవధూత వద్దన్నది 'నాకు' అని కట్టే మూటని. 'మాకు' అని నింపే పట్టుని కాదు.

ఇప్పుడు ఆ మూడో పాఠం, తేనె తీసుకుపోయేవాడి సంగతి. కథ వింటూ మనం లోభి గురించే ఆలోచిస్తాం కానీ, అందులో మన పాత్ర కూడా ఉంది. తేనె తీసుకెళ్ళేది మనమే! పంచామృతంలో తేనె కావాలి. మురమళ్ళ వీరేశ్వరస్వామికైనా, ఇంట్లో చిన్న లింగానికైనా తేనెతో అభిషేకం చేస్తాం. తప్పేం లేదు. కానీ గీత మూడో అధ్యాయంలో స్వామి చాలా కటువైన మాట అన్నాడు. దేవతలు ఇచ్చినది తిని, తిరిగి ఏమీ ఇవ్వనివాడు దొంగ అని. మనం కొన్న సీసా వెనకాల ఆకలితో ఖాళీ అయిన పెట్టె ఉంటే, ఆ అభిషేకం స్వామికి ఎలా చేరుతుంది చెప్పండి?

బృహదారణ్యకోపనిషత్తులో మధువిద్య అని ఉంది. దధ్యంచ మహర్షి అశ్వినీదేవతలకి చెప్పిన విద్య. దాని సారాంశం ఏమిటంటే, ఈ భూమి అన్ని ప్రాణులకీ తేనె, అన్ని ప్రాణులూ ఈ భూమికి తేనె. సూర్యుడికీ, నీళ్ళకీ, గాలికీ ఇదే లెక్క. అంటే తీసుకోవడం ఒక్కటే ఉంటే దాన్ని తేనె అనలేం. ఇటు నుంచి అటు కూడా వెళ్ళాలి.

ఇది మన జీవితానికి ఎలా పనికొస్తుంది? మనలో చాలామందిమి ఐటీలో ఉన్నాం. ముసురు ఎలా ఉంటుందో మనకీ తెలుసు. సోమవారం వరకు ఉన్న ఉద్యోగం మంగళవారం ఉండదు. మా పాత రూమ్మేట్ ఒకడికి ఇలాగే అయింది. ఇంట్లో చెప్పలేక రోజూ బ్యాగ్ వేసుకుని బయటికి వెళ్ళేవాడట. విషయం తెలిశాక మా పాత గ్రూపులో నలుగురూ కలిసి మూడు నెలల అద్దె వంతులేసుకున్నారు. చలిలో అంచున ఉన్న ఈగని లోపలికి జరిపినట్టే. వాడు తర్వాత వేరే ఉద్యోగంలో చేరాడు. ఈసారి గ్రూపులో ఇంకొకరికి అవసరం వస్తే ముందు డబ్బు వేసింది వాడే.

అందుకని సేవింగ్స్ ఆపమని నేను చెప్పను. సిప్ కట్టండి, ఎమర్జెన్సీ ఫండ్ పెట్టుకోండి. కానీ బ్యాలెన్స్ చూసుకున్నప్పుడల్లా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ నిల్వ ఎవరెవరి ముసురుకి? జవాబులో మీ పేరు ఒక్కటే వస్తే అవధూత మాట మరొకసారి వినాలి. అమ్మానాన్నలు, పనమ్మ, వాచ్‌మన్ పిల్లల ఫీజు, ఉద్యోగం పోయిన స్నేహితుడు, ఇలా నాలుగు పేర్లు వస్తే అది తేనెపట్టే. నిశ్చింతగా నింపండి.

ఇక తేనెటీగల కోసం ఈ చాతుర్మాస్యంలో మనం చెయ్యగలిగినవి కొన్ని.

తేనె కొనేటప్పుడు వీలైతే పెంచేవాళ్ళ దగ్గరే కొనండి. "వానాకాలానికి ఈగలకి ఎంత వదిలారండీ?" అని ఒక్క మాట అడగండి. అడిగేవాళ్ళు ఉన్నారని తెలిస్తే వదిలేవాళ్ళు పెరుగుతారు.

అభిషేకానికి చెంచాడు తేనె చాలు. స్వామి చూసేది భక్తిని, సీసా సైజుని కాదు.

ఊళ్ళో పెట్టెలు ఉన్నవాళ్ళకి ఇంకో మాట. భక్తితోనైనా సరే బెల్లం నీళ్ళు పెట్టకండి, ఈగలకి కడుపు చెడుతుంది. బజారు తేనె కూడా వద్దు, దాంతో రోగాలు అంటుకోవచ్చు. 1990ల మొదట్లో దక్షిణాదిలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ మన నాటు తేనెటీగల పెట్టెల్ని చాలావరకు తుడిచిపెట్టేసింది. తెల్ల పంచదార, శుభ్రమైన నీళ్ళు చాలు.

అపార్ట్‌మెంట్ గోడకి పెద్ద పట్టు పడితే పొగబెట్టి కాల్పించకండి. ఎత్తైన భవనాలకి పట్టే ఆ పెద్ద ఈగలు సీజన్ మారగానే సాధారణంగా వాటంతటవే వలస వెళ్ళిపోతాయి. పిల్లలు, పెద్దవాళ్ళు తిరిగే చోటైతే మీరు చెయ్యి పెట్టకుండా, చంపకుండా తీసే తెలిసినవాళ్ళని పిలవండి. శ్రీశైలంలో భ్రమరాంబ అమ్మవారి గుడి గోడకి చెవి పెట్టి తుమ్మెద నాదం విన్నామని మురిసిపోయేవాళ్ళం, మన గోడ మీది నాదానికి మంట పెట్టకూడదు కదా.

ఈసారి తొలి ఏకాదశికి ఉపవాసం ఉండేవాళ్ళు ఉండండి. దాంతోపాటు, ఆ నాలుగు నెలలూ బయటికి వెళ్ళి తెచ్చుకోలేని ఒక ప్రాణిని ఎంచుకోండి. మనిషైనా, పక్షైనా, ఈగైనా సరే. కార్తికం వరకు దాని ఆకలి నాది అని సంకల్పం చెప్పుకోండి. స్వామి నిద్రలో ఉన్న నాలుగు నెలలూ ఇంటిని చూసుకోమని మనకే అప్పజెప్పాడనుకోండి.

వచ్చే వారం వీడియోలో అవధూత తరవాతి గురువు లేడి దగ్గరికి వెళ్దాం. అందాకా సెలవు.

శ్రీకృష్ణార్పణమస్తు.