నీడ ఎవరిది?

పడమటి ఆఫ్రికాలోని కామెరూను దేశమున లింబే అను చిన్న రేవు పట్టణము కలదు. అక్కడి సముద్రపు ఒడ్డున ఇసుక నల్లగా నుండును. పట్టణము వెనుక నిలిచిన కామెరూను కొండ అగ్నిపర్వతము గనుక ఆ నలుపు దానినుండి వచ్చినదే. సముద్రమునకు దగ్గరలోనే ఒక పెద్ద ఉద్యానవనమున్నది. అందరును అందులో తిరుగవచ్చును.

కొంతకాలము క్రిందట ఒక సభ నిమిత్తము ఆ దేశము వెళ్లినప్పుడు, ఒక సాయంకాలము నేను ఆ తోటలో కూర్చుంటిని. అప్పుడే వాన వెలిసినది. (వాన సంగతి చెప్పనేల! ఆ కొండ పాదముననున్న డెబుంచా అను ఊరు లోకములో మిక్కిలి వాన కురియు చోట్లలో ఒకటి.) తోట నడుమ చిన్న నది పారుచున్నది. ఒక ముసలమ్మ గంప దించుకొని కునుకు తీయుచున్నది. బడిపిల్లలు చెట్ల పేరుపలకలను బిగ్గరగా చదువుచున్నారు. ఒక ప్రక్క యుద్ధములో మరణించిన సైనికుల సమాధులు. నా మనస్సు ఎంతో నెమ్మది పొందినది. నన్ను తీసికొని వచ్చిన సంఘపు పెద్దతో, "ఇంత ప్రశాంతమైన చోటు ఇచ్చిన దేవునికి స్తోత్రము" అంటిని.

ఆయన బక్వేరి జాతివాడు. "ఆమేన్. నేనును తరచుగా వత్తును. అయితే అయ్యగారూ, దీనిని ఎందుకు నాటిరో విన్నారా?" అనెను.

వినలేదు. ఆయన చెప్పెను. 1892లో జర్మనులు ఈ తోట వేసిరి. అది విశ్రాంతికొరకు కాదు. కోకో, కాఫీ, రబ్బరు, అరటి ఏ నేలలో బాగుగా వచ్చునో పరీక్షించుటకు, మొక్కలను పెంచి పెద్ద తోటలకు పంచుటకు. ఆ పెద్ద తోటలకు నేల కావలెను గదా? కొండమీది బక్వేరివారు 1891లో జర్మను సేనను ఓడించిరి, 1894లో ఓడిపోయిరి. తరువాత వారి మంచి నేలలు కంపెనీలపాలైనవి. ఊళ్లకు ఊళ్లు లేపి, హద్దులు గీసిన చిన్న చిన్న చోట్లకు తోలిరి. 1946లో బక్వేరివారు ఒక సంఘముగా కూడి, తమ భూమి తమకిమ్మని ఐక్యరాజ్యసమితికి అర్జీలు పంపిరి. అయినను ఆ తోటలు 1947 నుండి ఒక ప్రభుత్వ సంస్థ చేతిలోనికి పోయినవి.

మరియొక సంగతి నన్ను ఇంకను బాధించినది. ఆ పట్టణమును 1858లో స్థాపించినవాడు మన మిషనరీయే. ఆల్‌ఫ్రెడ్ సేకర్ అను బాప్టిస్టు దైవసేవకుడు. ఫెర్నాండో పో దీవిలో స్పెయినువారు ప్రొటెస్టంటుల ఆరాధనను నిషేధింపగా, ఆయన అక్కడి విశ్వాసులను వెంటబెట్టుకొని వచ్చి, బింబియా రాజునొద్ద నేల కొని, వారిని నిలిపెను. విక్టోరియా అని పేరు పెట్టిరి. లింబే అను పేరు 1982లో వచ్చినది. వెళ్లగొట్టబడినవారికి ఆశ్రయముగా పుట్టిన ఊరు అది. నలువది ఏండ్లు నిండక మునుపే దాని చుట్టునున్నవారు వెళ్లగొట్టబడిరి.

మరి నా స్తోత్రము తప్పా? "గడచినదేదో గడచినది, నీడ బాగున్నది, కూర్చుండుము" అనుట సులభము. "పాపపు నేల, కాలు పెట్టరాదు" అనుటయు సులభమే. అట్లనువాడు ఆ ముసలమ్మను ఎక్కడ కునుకు తీయుమనును?

అహాబు నాబోతు ద్రాక్షతోటను దేనికి కోరెను? కూరతోటకు. అంతే. ఆ నేలలో కూరలు వేసియుంటే అవి చేదుగా ఉండెడివా? చక్కగానే ఉండును. కూరలు సాక్ష్యము చెప్పవు, నీడయు చెప్పదు. అందుకే ఏలీయా నడిచి వెళ్లి నోటితో చెప్పవలసి వచ్చెను. లింబేలో నాకు చెప్పినవాడు ఆ సంఘపు పెద్ద. ఆయన చెప్పకున్న యెడల నేను సంతోషముగా తిరిగి వచ్చి, మీకు చెట్లను గూర్చి మాత్రమే వ్రాసియుందును.

ప్రభువు జక్కయ్య ఇంటికి వెళ్లుటకు వెనుదీయలేదు. ఆ ఇంటి సొమ్ము ఎట్లు వచ్చినదో యెరికోలో ఎరుగనివారెవరు? అయినను ఆయన అతిథిగా వెళ్లెను. అయితే ఆ ఇంటనే జక్కయ్య లేచి నిలువబడి, అన్యాయముగా తీసికొన్నది నాలుగంతలు తిరిగి ఇత్తునని లెక్క చెప్పెను. ఆ లెక్క వచ్చువరకు రక్షణ మాట రాలేదని గమనింపుడి.

నేను తిరిగి వచ్చిన తరువాతి ఆదివారము, మా దేవాలయము వెనుక వేపచెట్టు క్రింద స్త్రీల కూటము జరుగుచుండెను. చల్లని నీడ. ఆ వెనుక గోడ కట్టినప్పుడు తన చేను రెండు గజములు లోపల పడినదని ప్రక్క చేని విధవరాలు నాతో ఎప్పుడో చెప్పినది. "చూతములెండమ్మా" అంటిని. ఆమె మరల అడుగలేదు, నేనును చూడలేదు. ఆ సాయంకాలము సంఘపు పెద్దలను కూర్చుండబెట్టి ఈ సంగతి ఎత్తితిని. ఇద్దరు ముఖము చిట్లించిరి. "గోడ పడగొట్టెదమా అయ్యగారూ?" అని ఒకరు అడిగిరి. ముందు కొలిపింతమంటిని. సర్వేయరు వచ్చే మంగళవారము వత్తునన్నాడు.