నమహగె: అనుమతి అడిగి వచ్చే రాక్షసుడు

జపాన్ ఉత్తర ప్రాంతమైన అకితలో, సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఒగ ద్వీపకల్పపు పల్లెల్లో, డిసెంబరు 31 రాత్రి ఇంటింటికీ తిరిగే వేషధారులను నమహగె అంటారు. ముఖానికి భయంకరమైన ముసుగు, ఒంటికి ‘కెదె’ అనే వరిగడ్డి తొడుగు, ఒక చేతిలో కొయ్య కత్తి, మరో చేతిలో చెక్క బాల్చీ. ఏడ్చే పిల్లలెవరు, కోడలు పొద్దున్నే లేస్తోందా అని గర్జిస్తూ ఇల్లంతా కలయతిరుగుతారు. మంచు కురిసే నెలల్లో పనీపాటా మాని నిప్పు దగ్గరే కూర్చున్నవాళ్ల కాళ్ల మీద ఎర్రటి మచ్చలు తేలతాయి. బద్ధకానికి సాక్ష్యమైన ఆ మచ్చలను ఒలిచెయ్యడానికే ఆ కత్తి అని చెబుతారు.

ఆచారం పాతదే. సుగయె మసుమి అనే యాత్రికుడు 1811లో దీన్ని చూసి బొమ్మతో సహా రాసిపెట్టాడు. అప్పట్లో ఇది చాంద్రమానపు మొదటి నెల పదిహేనో రోజున జరిగేది.

నమహగె దేవుడా, రాక్షసుడా? ఒగలో రెండు జవాబులూ ఉన్నాయి. చైనా నుంచి హాన్ చక్రవర్తి వూ ఐదుగురు రాక్షసులను వెంటతెచ్చాడని, వాళ్లు పంటలనూ ఆడపిల్లలనూ ఎత్తుకుపోతుంటే ఊరివాళ్లు ఒక పందెం కాశారని స్థలపురాణం. ఒక్క రాత్రిలో, కోడి కూసేలోగా వెయ్యి రాతిమెట్లు కడితే ఏటా ఒక కన్యను ఇస్తామన్నారు. 999 మెట్లు పూర్తయ్యేసరికి ఎవరో కోడిలా కూశారు, రాక్షసులు పారిపోయారు. ఆ రాక్షసులే నమహగెలన్నది ఒక జవాబు. ఇంకోవైపు, షింజన్ పల్లెలో ముసుగులకు కొమ్ములుండవు. తమ నమహగెలు రాక్షసులు కారు, కొండ మీది దేవుళ్ల దూతలు అంటారు అక్కడివాళ్లు.

కథల్లో తేలని ఈ చిక్కుకు జవాబు తంతులోనే దొరుకుతుంది. ముందుగా ఒక మనిషి గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రావచ్చా అని అడుగుతాడు. ఆ ఏడు చావు గానీ పురుడు గానీ అయిన ఇంట్లో నమహగెలు అడుగుపెట్టరు. షింజన్‌లో, వచ్చాక ఏడుసార్లు నేల అదిరేలా కాళ్లతో తొక్కుతారు. భోజనానికి కూర్చునే ముందు ఐదుసార్లు, లేచాక మూడుసార్లు. ఇంటి పెద్ద మంచి బట్టలు కట్టుకుని ఎదురేగి, సాకె పోసి, పీట వేసి మర్యాద చేస్తాడు. నమహగె ఒక చిట్టా తెరిచి పిల్లల తప్పులు చదువుతుంటే, మావాడు మంచివాడే, ఇకముందు మాట వింటాడని తండ్రి నచ్చజెబుతాడు. కాస్త వాదన అయ్యాక, వచ్చే ఏడు పంట బాగా పండాలని, ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగా ఉండాలని దీవించి వెళ్లిపోతారు. గడ్డి తొడుగు నుంచి రాలిన పరకను తలకు కట్టుకుంటే జబ్బు రాదని నమ్మకం.

జానపద పండితుడు ఒరికుచి షినొబు (1887–1953) ఇలాంటివాళ్లను ‘మరెబితొ’ అన్నాడు: ఏటికొక రాత్రి పరలోకం నుంచి వచ్చి, దీవెన ఇచ్చి పోయే అతిథి. వివరణ బాగుంది గానీ, అతని చూపంతా వచ్చేవాడి మీదే. ఈ తంతు బరువు మాత్రం ఇంటివాడి మీద ఉంది. తలుపు తీసి, పీట వేసి, వాదించి, సాగనంపేది అతనే. అతను అతిథిగా స్వీకరించాడు కాబట్టే రాక్షసుడి రాక దేవుడి రాక అవుతోంది. పిల్లవాడు చూసేది భయాన్ని మాత్రమే కాదు, తన తరఫున ఆ భయంతో మాట్లాడే తండ్రిని కూడా.

ముసుగు వెనక ఉన్నది పక్కింటి కుర్రాడేనని పెద్దలకు తెలుసు. మన పూనకంలోలాగా ఒంటి మీదికి దేవుడు వచ్చాడని ఇక్కడ ఎవరూ అనరు. అయినా ఇంటి పెద్ద అతనికి దండం పెడతాడు. అది నటన అని కొట్టిపారెయ్యడం తేలిక. కానీ గడ్డి తొడుగు వేసుకున్నంతసేపు ఆ కుర్రాడు ఎవరి కొడుకన్నది లెక్కలోకి రాదు.

జపాన్ ప్రభుత్వం 1978లో ఈ ఆచారాన్ని ముఖ్యమైన జానపద సంపదగా గుర్తించింది. 2018లో యునెస్కో ఇలాంటి పది ఆచారాలను కలిపి తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఫిబ్రవరిలో షింజన్ గుడి దగ్గర జరిగే సెదొ ఉత్సవం 1964లో మొదలైంది. మంచులో కాగడాలు పట్టుకుని కొండ దిగే నమహగెలను చూడటానికి యాత్రికులు వస్తారు. చూడముచ్చటైన వేడుకే. అయితే అక్కడ గుమ్మం లేదు, అడగాల్సిన అనుమతీ లేదు. పల్లెల్లో మాత్రం వేషం కట్టే పెళ్లికాని కుర్రాళ్లు కరువై ఆ పని నడివయసువాళ్ల మీద పడింది. బెదిరించడానికి పిల్లలున్న ఇళ్లూ తగ్గిపోతున్నాయి.