కాన్పుకు కర్త ఎవరు?

మొదటి కాన్పు పెద్దాపరేషనై, ఈసారి నొప్పులు పడి కనాలనుకునే స్త్రీకి ఇంట్లో ముందుగా ఎదురయ్యే ప్రశ్న, పాత కుట్లు తట్టుకుంటాయా అన్నది. దానికి డాక్టరు జవాబు చెబుతారు. డాక్టరు జవాబు చెప్పలేని ప్రశ్న ఇంకొకటి ఉంది. నెలల తరబడి సిద్ధపడి, తగిన ఆసుపత్రి వెతుక్కుని, గంటల కొద్దీ నొప్పులు పడ్డాక కూడా చివరికి థియేటర్‌లోకే తీసుకెళ్లాల్సి వస్తే ఆ కష్టమంతా ఏమైనట్టు? ఆమె ఓడిపోయినట్టా? అసలు కాన్పుకు కర్త ఎవరు? తల్లా, డాక్టరా, దైవమా? ఇది పండితులు తీరిక వేళల్లో తేల్చుకోవాల్సిన సంగతి కాదు. దీనికి ఇంట్లోవాళ్లు తమకు తెలియకుండానే ఏదో ఒక జవాబు అనుకుంటారు. ఆ జవాబును బట్టే తల్లి మీద నింద పడుతుంది, లేదా భయం పడుతుంది.

ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలని భగవద్గీత 18వ అధ్యాయం 14వ శ్లోకం చెబుతుంది. పనికి ఆధారమైన అధిష్ఠానం, కర్త, రకరకాల కరణాలు, వేర్వేరు చేష్టలు, ఐదోది దైవం. శంకరులు అధిష్ఠానమంటే శరీరమనీ, కరణాలంటే ఇంద్రియాలనీ వివరించారు. కరణాలను కొంచెం విస్తరించి పనికొచ్చే సాధనాలన్నీ అనుకుంటే, ఈ శ్లోకం కాన్పు గదికి చక్కగా సరిపోతుంది. పాత గాటు ఉన్న గర్భసంచి అధిష్ఠానం. నిర్ణయం తీసుకునే తల్లి కర్త. డాక్టరు, నర్సు, రక్తం, థియేటర్ కరణాలు. నొప్పులు, బిడ్డ తల తిరిగి కిందికి దిగడం చేష్టలు. ఇవన్నీ సమకూరినా మన లెక్కకు అందకుండా మిగిలేది దైవం. పనికి తానొక్కడే కర్తనని చూసేవాడు సరిగా చూడనట్టేనని 16వ శ్లోకం అంటుంది. దీన్ని బట్టి రెండు సంగతులు తేలతాయి. తల్లి కర్తే, కాబట్టి ఆమె సిద్ధపాటుకు విలువ ఉంది. తల్లి ఒక్కతే కారణం కాదు, కాబట్టి ఫలితాన్ని బట్టి ఆమెను తూచకూడదు.

ఇందులో అధిష్ఠానానికి ఉన్న బరువు ఎంతో వైద్య చరిత్రే చూపిస్తుంది. ఒకసారి సిజేరియన్ అయితే ఇక ఎప్పుడూ సిజేరియనే అన్న మాటకు మూలం న్యూయార్క్ వైద్యుడు ఎడ్విన్ క్రేగిన్ 1916లో రాసిన వ్యాసం. అప్పట్లో గర్భసంచిని పైభాగంలో నిలువుగా కోసేవారు. నొప్పుల్లో గట్టిగా బిగిసే భాగం అదే కాబట్టి ఆ కుట్లు విడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది. తర్వాత కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతి స్థిరపడింది. గాటు మారింది కానీ మాట మారలేదు. పొట్ట మీద మచ్చ అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపలి గాటూ అడ్డంగానే ఉందని చెప్పలేం. అది తెలిసేది మొదటి ఆపరేషన్ నోట్సులోనే. ఆ కాగితం బీరువాలో ఏ చీరల అడుగునో ఉంటుంది, లేదా ఇల్లు మారినప్పుడు పోయి ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడం, మొదటిసారి ఎందుకు కోశారో తెలుసుకోవడం కూడా ఈ సిద్ధపాటులో భాగమే. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని కోశారా, నొప్పులు వచ్చినా కాన్పు ముందుకు సాగలేదని కోశారా అన్నదాన్ని బట్టి ఈసారి అవకాశాలు మారతాయి.

ఈ ఐదు కారణాల వాదానికి అన్నిటికంటే ముందు వచ్చే అభ్యంతరం బరువైనది. బిడ్డ ప్రాణంతో ముడిపడిన చోట ఫలితం చేతిలో లేదనడం బాధ్యత వదులుకోవడం కాదా? కాదని అంకెలే చెబుతాయి. అడ్డగాటుతో ఒక్క సిజేరియన్ మాత్రమే అయి, తగినవారని తేలి, నొప్పుల కోసం ఎదురుచూసిన వారిలో నూటికి 60 నుంచి 80 మంది మామూలుగా కంటారు. గర్భసంచి చిట్లే ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువ. తక్కువే అయినా అది జరిగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే బిడ్డ గుండె చప్పుడును ఎడతెగకుండా గమనించే ఏర్పాటు, వెంటనే కోయగల థియేటర్, మత్తు డాక్టరు, రక్తం లేనిచోట ఈ ప్రయత్నం చేయకూడదు. మళ్లీ కోత పెట్టించుకునే దారిలోనూ ప్రమాదం లేకపోలేదు. అమెరికాలో 2006లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, మాయ కిందికి దిగి గర్భద్వారాన్ని కప్పిన స్త్రీలలో ఆ మాయ గర్భసంచి గోడలోకి పాతుకుపోవడం రెండో సిజేరియన్ నాటికి 11 శాతం, మూడోదానికి 40 శాతం దాకా కనిపించింది. రెండు దారుల్లోనూ ప్రమాదం ఉన్నప్పుడు కర్త బాధ్యత వాటిని పోల్చి, తన ఒంటికి ఏది తగునో తెలుసుకుని ఎంచుకోవడమే. శ్లోకం దైవాన్ని ఐదోదిగా చెప్పింది. మిగతా నాలుగింటినీ సరిచూసుకోకుండా దేవుడి మీద భారం వేయడం ఆ శ్లోకాన్ని సగమే చదవడం అవుతుంది.

మన తెలుగు నేల మీద ఈ చర్చ ముహూర్తం దగ్గరికి రాక తప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. దీనికి ముహూర్తమొక్కటే కారణమనడం అన్యాయం. డబ్బు, భయం, కాన్పు గదిలో గంటల తరబడి పక్కన నిలబడే మనుషులు లేకపోవడం, అన్నీ ఉన్నాయి. అయినా ఎలాగూ మళ్లీ కోతే కదా అనుకున్న ఇంట్లో మంచి ఘడియ చూడమని పంతులుగారిని అడగడం చాలా మామూలైపోయింది. నమ్మేవారిని నమ్మకం లోపలి నుంచే ఒకటి అడగవచ్చు. జాతకం పూర్వకర్మను చూపే అద్దమైతే, అద్దంలో నచ్చిన ముఖం గీసుకుంటే అసలు ముఖం మారుతుందా? ఘడియ ఎంచుకోవాలన్న బుద్ధి కూడా ప్రారబ్ధం వల్లే కలిగిందని కొందరు సమాధానం చెబుతారు. సరే, అలాగైతే నొప్పుల కోసం ఎదురుచూద్దామన్న బుద్ధీ ప్రారబ్ధం వల్లే కలిగి ఉండాలి. రెండు వైపులా సమానంగా తెగే వాదం ఏ వైపునూ గెలిపించదు. ఇక మిగిలేది బిడ్డ మేలు. 39 వారాలు నిండకముందే, నొప్పులు రాకముందే కోసి తీసిన బిడ్డల్లో ఊపిరి ఇబ్బందులు ఎక్కువని వైద్యులకు బాగా తెలుసు. లగ్నం కోసం వారం ముందుకు జరపడం బిడ్డకు ఆశీర్వాదం కాజాలదు.

ఎదుటి పక్షంలోనూ ఒక పొరపాటు ఉంది. నొప్పులతో కనడం ప్రకృతి ఇచ్చినది కాబట్టి పవిత్రమనీ, కోత మనిషి జోక్యమనీ కొందరు అంటారు. బిడ్డ అడ్డం తిరగడం కూడా ప్రకృతే. ఒకప్పుడు పురిట్లో తల్లులు పోయిందీ ప్రకృతి చేతుల్లోనే. మన వైద్య సంప్రదాయం కత్తిని అపవిత్రమనుకోలేదు. చనిపోయిన గర్భిణి కడుపులో బిడ్డ కదులుతుంటే ఆలస్యం చేయకుండా కోసి తీయమని సుశ్రుత సంహిత నిదానస్థానంలో మూఢగర్భం అధ్యాయం చెబుతుంది. ఐదు కారణాల్లో కరణాలకూ సమానంగా చోటుంది. అవసరమైన వేళ కోసిన చెయ్యి దైవానికి అడ్డుపడినట్టు కాదు. ఒళ్లు నొప్పికి భయపడి విధిని వదిలేయడం రాజస త్యాగమన్న గీతావాక్యాన్ని ఆపరేషన్ కోరుకున్న తల్లి మీద ప్రయోగించేవారు కూడా ఉంటారు. అది తప్పు. అక్కడ చెప్పినది నియత కర్మ గురించి, అంటే శాస్త్రం విధించిన పని గురించి. ఫలానా దారినే కనాలని ఏ శాస్త్రమూ స్త్రీకి విధించలేదు. అంతా తెలుసుకుని రెండో సిజేరియన్ ఎంచుకున్న తల్లీ అంతే నిండుగా కర్త.

ఫలం మీద అధికారం లేదన్న మాటను మనం తరచుగా ఆశ చంపుకోమన్న సలహాగా వింటాం. ఇక్కడ దాని ప్రయోజనం వేరు. తన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో ముందే విడదీసుకున్న మనిషికి మధ్యలో దారి మార్చుకోవడం తేలికవుతుంది. మామూలు కాన్పే గెలుపనుకుని పట్టుదలతో కూర్చున్న తల్లి, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని నర్సు చెప్పినప్పుడు ఒక్క నిమిషం తటపటాయిస్తే ఆ నిమిషానికి మూల్యం ఉంటుంది. ప్రయత్నమే తన వంతని ముందే ఒప్పుకున్న తల్లి వెంటనే తలూపగలదు. కాబట్టి ఈ వేదాంతం కాన్పు అయ్యాక చెప్పుకునే ఓదార్పు మాత్రమే కాదు, కాన్పు గదిలోనే తల్లినీ బిడ్డనూ కాపాడే వివేకం. ఇంట్లోవాళ్లూ డాక్టర్లూ దీన్ని ఒప్పుకుంటే వాళ్లు చేయాల్సినవీ స్పష్టమే. ప్రయత్నించవచ్చా లేదా అన్నది ఆమె నోట్సు చూసి నిజాయితీగా చెప్పాలి. ప్రయత్నించే చోట సాధనాలన్నీ సిద్ధంగా ఉంచాలి. ఎలా కన్నా, కాన్పయ్యాక ఆమెను నార్మలా, ఆపరేషనా అని అడిగి మార్కులు వేయడం మానాలి.