ఏటిగట్టు కాయకము

పుట్టుకను బట్టి మనుష్యుని తూచుటను బసవేశ్వరుడు నిరాకరించెను. 12వ శతాబ్దమున కల్యాణమున ఆయన చుట్టును చేరిన శరణులు వేర్వేరు కులములనుండి, వేర్వేరు వృత్తులనుండి వచ్చినవారు. వారిని ఏకము చేసినవి కాయకము, దాసోహము. శుద్ధమైన మనస్సుతో చేయు పని కాయకము. ఆ పని ఫలమును తనదనక సమాజమునకు సమర్పించుట దాసోహము.

ఈ బోధ నెఱిగిన భక్తునకు ఒక సందేహము కలుగవచ్చును. పుట్టుకను చూడరాదన్నప్పుడు, చెట్ల విషయమున మాత్రము "ఇది స్వదేశపుది, నాటుడు, అది పరదేశపుది, పెఱికివేయుడు" అనుట ధర్మమగునా? ఈ సందేహమునకు అమెరికా ఎడారులలోని యేళ్ళ వృత్తాంతము చక్కని సమాధానము చెప్పుచున్నది.

అమెరికా సంయుక్త రాష్ట్రముల నైఋతి భాగమున, ఆరిజోనా, యూటా మొదలగు ప్రాంతములలో వాన మిక్కిలి తక్కువ. అచటి ప్రాణికోటికి సన్నని యేటిపాయలును, వాని గట్లపై పెరుగు కాటన్‌వుడ్, విల్లో వృక్షములును ఆధారములు. కాటన్‌వుడ్ చెట్టు వసంతాంతమున దూదివంటి నూగుతో విత్తులను గాలికి వదలును. కొండలపై మంచు కరగి వచ్చిన వరద తీయుచుండగా, తడి యిసుకపై ఆ విత్తు పడవలెను. కొలది వారములలో తడి దొరకనిచో దాని మొలకెత్తు శక్తి నశించును. వరదయు విత్తును సకాలమున కలిసికొనుటయే ఆ వనమునకు ప్రాణము.

19వ శతాబ్దమున టామరిస్క్ అను చెట్టును అలంకారమునకును, గట్ల రక్షణకును పాత ఖండములనుండి ఆ దేశమునకు తెచ్చిరి. అది తానై రాలేదు. మనుష్యులు పిలిచిన అతిథి. పిమ్మట కొలరాడో నదిపై 1935లో హూవర్ ఆనకట్ట పూర్తియైనది. 1963లో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట నీటిని నిలుపసాగినది. ఉపనదులలోను, చిన్న యేళ్ళలోను నీరు పొలములకు, పట్టణములకు మళ్ళినది. సకాలపు వరద పోయినచోట కాటన్‌వుడ్ విత్తు మొలవలేదు. టామరిస్క్ యన్ననో, నెలల తరబడి విత్తులు రాల్చును, ఉప్పునేలను సహించును. కావున ఖాళీయైన గట్లనెల్ల అది ఆక్రమించెను.

జనులు దానిని నీటిదొంగ యని నిందించిరి. కాని తరువాతి కొలతలలో, అది స్థానిక వృక్షములకంటె సాధారణముగా ఎక్కువ నీరు త్రాగదని తేలినది. నీటిని మళ్ళించినది మనుష్యుడు. నింద మోసినది చెట్టు.

ఆ నిందతోనే దానిని నిర్మూలింపబూనిరి. టామరిస్క్ ఆకులను మాత్రమే తిను ఒక జాతి పెంకుపురుగును ఆసియానుండి తెచ్చి, 2001లో బయట వదలిరి. 2006లో యూటా రాష్ట్రమున సెయింట్ జార్జ్ పట్టణముకడ, వర్జిన్ నదీతీరమునను వదలిరి. పురుగు తన పని చక్కగా చేసినది. కాని ఆ టామరిస్క్ పొదలలో ఒక చిన్న పిట్ట గూళ్ళు కట్టుకొని యున్నది. దాని పేరు నైఋతి విల్లో ఫ్లైక్యాచర్. 1995లోనే ప్రభుత్వము దానిని అంతరించిపోవు జాతులలో చేర్చెను. విల్లో కొమ్మలు కరవైనచోట ఆ పిట్ట, పుట్టుక నడుగక, టామరిస్క్‌నే ఇల్లుగా చేసికొన్నది. నడివేసవిలో ఆకులు రాలగా గూళ్ళు మండుటెండకు బట్టబయలైనవి. 2010లో ఆ దేశపు వ్యవసాయశాఖ పురుగులను వదలు కార్యక్రమమును నిలిపివేసినది. వదలిన పురుగులు మాత్రము ఆగక వ్యాపించుచునే పోయినవి.

తప్పు ఎచ్చట నున్నది? చెట్టును తొలగింపదలచుట తప్పు కాదు. దాని స్థానమున నీడనిచ్చు మఱియొక చెట్టు లేకుండ తొలగించుట తప్పు. ద్వేషము పెఱుకుటతో తృప్తి చెందును. దయ నాటిన పిదపనే పెఱుకును.

నేడు ఆ యేటిగట్లపై శ్రద్ధతో పని చేయువారు ఈ క్రమమునే పాటించుచున్నారు. చలికాలమున, ఆకులు రాలి చెట్టు నిద్రించు వేళ, కాటన్‌వుడ్, విల్లోల నుండి పొడవైన కొమ్మలు నఱుకుదురు. భూగర్భజలము తగులునంత లోతుగా గోయి త్రవ్వి వానిని పాతుదురు. పశువులు మేయకుండ కంచె వేయుదురు. టామరిస్క్‌ను ఒక్కమారుగా గాక, భాగములుగా తీయుదురు. ఇది ఆర్భాటము లేని పని, ఏండ్ల తరబడి సాగు పని. కాయకమనగా నిట్టిదే.

కాయకము వెంట దాసోహము నడువవలెను. నీరు లేనిచోట నాటిన కొమ్మ కట్టెయే. 2012లో అమెరికా, మెక్సికో దేశములు ఒడంబడిక చేసికొని, 2014 మార్చి 23 మొదలు మే 18 వరకు, సరిహద్దునగల మోరెలోస్ ఆనకట్టనుండి సుమారు 13 కోట్ల ఘనపు మీటర్ల నీటిని, అనగా నాలుగున్నర టి.ఎం.సి.లకు పైగా, ఎండిన కొలరాడో ముఖభూమికి వదలినవి. విత్తులు రాలు కాలమునే అందుకు ఎన్నుకొనిరి. మే నెల నడుమ నది సముద్రమును చేరినది. అయినను అధికభాగము దారిలోని యిసుకలో ఇంకిపోయినది. అందుచేత 2021లో నీటిని కాలువల ద్వారా, చెట్లు నాటిన స్థలములకే చేర్చిరి. దానమునకు సైతము వివేకము వలయునని దీనివలన తెలియుచున్నది.

ఆ ముఖభూమిలో విల్లోలతోపాటు మెస్కీట్ అను ముండ్లచెట్టును గౌరవముతో నాటుచున్నారు. తెలుగునాట చెఱువుగట్లను, వాగులను కప్పివేసి రైతులచే తిట్లు తినుచున్న సర్కారు తుమ్మకు అది దగ్గరి చుట్టము. ఇచట కంపయని నిందింపబడు వంశమే, అచట తన యేటికి బిడ్డ. ఏ చెట్టును పుట్టుకచేత పాపి కాదు. దానిని స్థానభ్రష్టము చేసినది మనుష్యుని తొందర. దానికి బలము నిచ్చినది మనుష్యుడు చెఱచిన నేల, బంధించిన నీరు.

భక్తుని సందేహమునకు ఇదియే సమాధానము. అడుగవలసినది చెట్టు ఎచట పుట్టినదని కాదు. ఏటికిని, పిట్టకును నేడు ఏమి కావలయునని. సర్కారు తుమ్మపై గొడ్డలి యెత్తు గ్రామస్థులు ముందుగా కానుగను, ఏరుమద్దిని, నేరేడును నాటి, అవి నిలద్రొక్కుకొను వరకు నీరు పోయుదురు గాక. గట్టున నీడ నిలిచిన నాడు గొడ్డలికి పని తగ్గును. మనస్సు విషయమునను ఇంతే: దుర్గుణమును తిట్టుచు కూర్చుండువాడు దానినే పెంచును, సద్గుణమును నాటి నీరు పోయువాడు ఒకనాడు దాని నీడలో విశ్రమించును.