ముఖదూషిక

మొటిమలకి మన పాత వైద్యగ్రంథాల్లో రెండు పేర్లున్నాయి. ఒకటి యౌవనపిడక. వయసులో వచ్చే పొక్కు అని అర్థం, అంతే. రెండోది ముఖదూషిక, ముఖాన్ని చెడగొట్టేది. సుశ్రుతుడు దీన్ని క్షుద్రరోగాల్లో, అంటే చిన్నాచితకా జబ్బుల్లో వేసి పక్కనపెట్టాడు. మొదటి పేరు వయసు సంగతి చెప్పి ఊరుకుంది. రెండో పేరులో తీర్పు ఉంది. తెలుగువాళ్ళకి ఆ తీర్పే బాగా ఒంటబట్టినట్టుంది. మచ్చలేని మనిషి అంటాం, వంశానికి మచ్చ తెచ్చాడంటాం, ఏ ముఖం పెట్టుకుని వచ్చావని అడుగుతాం. పద్నాలుగేళ్ళ వయసు నుంచి ముప్పై దగ్గరపడేదాకా మొటిమలతో ఉన్నదాన్ని కాబట్టి ఈ మాటలు నాకు ఉత్త జాతీయాల్లాగా ఎప్పుడూ వినపడలేదు.

మొటిమ ఎవరి తప్పూ కాదని డాక్టర్లు ఏనాడో తేల్చేశారు. మరి దాన్ని తగ్గిస్తామనే ప్రతి చోటా పని నేరారోపణతో ఎందుకు మొదలవుతుంది?

హైదరాబాద్‌లో ఏదో ఒక పెద్ద పార్లర్‌కో స్పాకో వెళ్ళి యాక్నే ఫేషియల్ కావాలని అడిగి చూడండి. ముందు స్కిన్ అనాలిసిస్ అంటారు. గుండ్రటి లైటు బిగించిన భూతద్దాన్ని ముఖం మీదకి లాగుతారు. అద్దం అవతల నుంచి ప్రశ్నలు వస్తాయి. నీళ్ళు సరిగ్గా తాగరా మేడమ్? బయట ఫుడ్ ఎక్కువ తింటారా? రాత్రిళ్ళు మేకప్ తియ్యకుండా పడుకుంటారా? అవునన్నా కాదన్నా తేడా ఏమీ ఉండదు. "పోర్స్ అన్నీ బ్లాక్ అయిపోయినయ్ మేడమ్, లోపల చాలా డర్ట్ ఉంది" అన్న మాట ఎలాగూ వస్తుంది. ఆ తర్వాత శిక్ష వివరాలు. ఆరు సిట్టింగులు, ప్యాకేజీగా తీసుకుంటే కొంచెం తగ్గుతుంది.

నిజానికి లోపల జరిగేదాంట్లో మురికికి పాత్రే లేదు. యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్ల వల్ల చర్మంలోని గ్రంథులు ఎక్కువ నూనె ఊరిస్తాయి. వెంట్రుక కుదురు లోపల రాలిన కణాలు ఆ నూనెతో కలిసి ముద్దకట్టి దారి మూసేస్తాయి. క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్ అని ఒక సూక్ష్మజీవి ఉంది. అందరి చర్మం మీదా కాపురముండేదే. మూసుకుపోయిన ఆ గదిలో అది పెరుగుతుంది, వాపు మొదలవుతుంది. అమ్మానాన్నల నుంచి వచ్చే పాలు ఇందులో చాలానే ఉంటుంది. తిండి విషయంలో, రక్తంలో చక్కెరని గబుక్కున పెంచేవి, పాలు కొందరికి సమస్యని పెంచుతాయనడానికి కొంత ఆధారం ఉంది. బ్లాక్‌హెడ్ నలుపు కూడా మురికి కాదు. మూత తెరుచుకున్న రంధ్రంలో ఉన్న మెలనిన్‌కీ కొవ్వుకీ గాలి తగిలి వచ్చిన రంగు అది. ఎంత తోమినా పోదు. పైగా గట్టిగా తోమితే వాపు ఎక్కువవుతుంది, మనలాంటి చామనఛాయ చర్మాల్లో ఆ వాపు తగ్గిన చోట నల్లమచ్చ నెలల తరబడి కూర్చుంటుంది.

అయినా పార్లర్ మెనూ కార్డు తిరగేస్తే కనపడేవి ప్యూరిఫయింగ్, డీటాక్స్, డీప్ క్లెన్స్. అన్నీ శుద్ధి మాటలే, పుష్కరాల పోస్టర్ మీద రాసుకోవచ్చు. పాపం ఉందని నమ్మించకపోతే ప్రాయశ్చిత్తం అమ్ముడుపోదు. సరే, ఇక్కడిదాకా రావడం తేలికే. బ్యూటీ ఇండస్ట్రీని తిట్టడానికి ఈ రోజుల్లో పెద్ద ధైర్యమేమీ అక్కర్లేదు.

దీనికి విరుగుడుగా స్నేహితులు చెప్పే మాట మీదా నాకు నమ్మకం లేదు. "అవి కూడా అందమే, సాయి పల్లవిని చూడు" అంటారు. 2015లో 'ప్రేమమ్' వచ్చినప్పటి నుంచి వింటున్నాను. ఆమె బుగ్గల్ని బుగ్గల్లాగే చూపించడం మంచి పని, కాదనను. కానీ ఆ మాట అన్నవాళ్ళెవరూ మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడి బుగ్గల మీది గుంటల్ని చూసి అందమనడం నేను వినలేదు. అప్పటికే అందగత్తె అని ఒప్పుకున్న ముఖం మీద ఉంటేనే మొటిమకి ఆ గౌరవం.

నాకు అసలు చిక్కు ఇంకోచోట ఉంది. నాకు ఫేషియల్ ఇష్టం.

వేడి టవల్ ముఖం మీద పరుస్తారు. ఆవిరి మిషన్ బుసబుసమంటుంది. ఆ తర్వాత చివర చిన్న రింగున్న సన్నటి స్టీలు పుల్లతో ముక్కు పక్కనా గడ్డం మీదా ఒక్కో బ్లాక్‌హెడ్‌నీ నొక్కి తీస్తారు. నొప్పికి కళ్ళమ్మట నీళ్ళు కారతాయి, టిష్యూతో వాళ్ళే ఒత్తుతారు. ఇంకాసేపటికి హై ఫ్రీక్వెన్సీ మిషన్. ఊదారంగు వెలుగు నింపుకున్న గాజు గొట్టం, చర్మానికి తగలగానే చిటపటలాడుతుంది, ఓజోన్ వాసన వేస్తుంది. చివర్లో చల్లటి మట్టి మాస్క్. కొన్నిచోట్ల నీలం లైటు కూడా పెడతారు. ఇది పూర్తిగా బూటకం కాదు. ఆ సూక్ష్మజీవి తయారుచేసుకునే పార్ఫిరిన్లు నీలం వెలుతురుని పీల్చుకుని దాన్నే చంపుతాయి. కాకపోతే అలాంటివి వారాల తరబడి మళ్ళీమళ్ళీ చెయ్యాలి. నెలకోసారి పది నిమిషాల లైటుకి మొటిమలు జడవవు.

ఇవన్నీ తెలిసీ వెళ్ళేదాన్ని. ఎందుకంటే నా ముఖాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. అమ్మ కూడా "చెయ్యి పెట్టకు, ఎక్కువవుతాయి" అని నా చేతిని తీసేదే గాని తన చెయ్యి పెట్టేది కాదు. జాగ్రత్తతోనే, తెలుసు. అలాంటిది ఇక్కడ ఒక మనిషి గంటసేపు నా ముఖాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుంటుంది, ముఖం చిట్లించకుండా. డబ్బు కట్టి తెచ్చుకున్న స్పర్శ కాబట్టి అది ఉత్తుత్తిదే అనగలనా? నర్సుకి జీతం ఇస్తున్నారని ఆమె నాడి పట్టుకోవడం నటన అయిపోదు కదా.

ఫ్రెంచ్ తత్వవేత్త ఎమ్మాన్యుయేల్ లెవినాస్ నీతి అంతా ఎదుటివాడి ముఖం దగ్గరే మొదలవుతుందంటాడు. అయితే ఆయన చెప్పే ముఖం మనం అద్దంలో చూసుకునేది కాదు. మనిషిని నిజంగా కలుసుకోవాలంటే అతని కళ్ళ రంగు కూడా గమనించకపోవడమే మేలంటాడు. ముక్కు, నుదురు, గడ్డం అని వివరాల్లోకి దిగామంటే అతన్ని వస్తువులా చూడటం మొదలైపోయినట్టే. మొదటిసారి చదివినప్పుడు ప్రాణం లేచొచ్చింది. చర్మం లెక్కలోకి రాని నీతిశాస్త్రం! ఆలోచించేకొద్దీ మాత్రం ఒప్పుకోలేకపోయాను. నా చర్మాన్ని గమనించనట్టు ఉండేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. మాట్లాడుతున్నంతసేపూ చూపుని నా భుజం మీద ఎక్కడో ఆనించి ఉంచుతారు. మర్యాదస్తులు. ఆ మర్యాదలో నేను ఎవరినీ కలుసుకున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. భూతద్దంలోంచి ఒక్కో రంధ్రాన్నీ చూసి, ఆ తర్వాత కూడా చెయ్యి వెనక్కి తీసుకోని మనిషి దగ్గరే ఆ కలుసుకోవడమేదో కొంచెం జరిగింది. వివరాల్లోకి దిగడం కూడా ఒక పలకరింపే కావచ్చు. లెవినాస్‌కి మొటిమలుండేవో లేదో.

అందుకే, ఫేషియల్ మోసం అని నేను అనను. దానికి ముందు జరిగే విచారణ మోసం. ఈ రెంటినీ విడదీసి చూడటం నాకు ఒకమ్మాయి నేర్పింది.

కూకట్‌పల్లి వైపు ఒక పార్లర్, పేరెందుకు. మూడోసారి వెళ్ళాను. మాస్క్ వేసే ముందు మేనేజర్ వచ్చి కెమికల్ పీల్ ప్యాకేజీ గురించి చెప్పింది, నెలనెలా కట్టుకోవచ్చంది, ఆలోచించుకోమని వెళ్ళింది. తలుపు మూసుకున్నాక నా దవడ మీదున్న చేతులు ఆగాయి.

"అక్కా, అది వద్దక్కా. ఇక్కడ కిందివన్నీ లోతుగ ఉన్నయి, పీల్ చేస్తే నల్లగ మచ్చలు పడ్తయి. స్కిన్ డాక్టర్‌కి చూపెట్టుకోండి. నేను చెప్పిన్నని అనకుండ్రి."

అంతకుముందు రెండు సిట్టింగుల్లోనూ నేను మేడమ్‌ని. నీళ్ళు తాగరా అని మొదటిరోజు అడిగింది కూడా ఈ అమ్మాయే. అప్పుడు అడిగినవి ట్రైనింగ్‌లో నేర్పిన ప్రశ్నలు. ఇప్పుడు చెప్పింది రోజుకి ఇన్ని ముఖాలని పట్టుకున్న చేతులకి తెలిసిన సంగతి. ప్యాకేజీ అమ్మితే ఆమెకి కొంత వస్తుంది, అమ్మకపోతే నెలాఖరు మీటింగులో మాట పడుతుంది. అబద్ధం చెప్పకూడదన్న నియమాన్ని ఆమె అక్షరాలా పాటించాలంటే ఉద్యోగం మానెయ్యాలి. మానకుండా, ఏ ముఖానికి ఆ అబద్ధం నిజంగా హాని చేస్తుందో అక్కడ మాత్రం ఆపింది. తత్వశాస్త్రం పాఠ్యపుస్తకాలు దీన్ని రాజీ అంటాయేమో. నాకైతే అది రాజీలా అనిపించలేదు. నియమాన్ని పట్టుకుని కూర్చుంటే దొరకని చూపు అది.

మేనేజర్‌తో "ఇంట్లో ఒప్పుకోరండీ" అన్నాను. ఆమె చెప్పిన నిజాన్ని కాపాడటానికి నేనొక అబద్ధం ఆడాల్సి వచ్చింది, ఆ ఏర్పాటే అలాంటిది. గూగుల్ రివ్యూలో ఐదు చుక్కలిచ్చి ఆ అమ్మాయి పేరు రాద్దామనుకున్నాను. ఏమని రాయాలి? ప్యాకేజీ కొనొద్దని చెప్పిందనా?

డాక్టర్ గారు నా ముఖాన్ని ఒక నిమిషం చూశారు. ముట్టుకోలేదు. ట్రెటినాయిన్ క్రీమ్ రాశారు, బఠాణీ గింజంత, రాత్రిపూట, పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. మొదటి నెల ముఖమంతా పొట్టు రేగింది. నాలుగో నెలకి దవడ నున్నబడింది. ముట్టుకున్నవాళ్ళ వల్ల తగ్గలేదు, తగ్గించినాయన ముట్టుకోలేదు.

ఇక ఈ మందన్నా మచ్చలేనిదేమో అని ఆశపడ్డాను. దీన్ని మొటిమల మందుగా నిలబెట్టింది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్. 1971లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆయన ప్రయోగశాల ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు. 1951 నుంచి 1974 దాకా అక్కడి ఖైదీల వీపుల మీద, చేతుల మీద క్రీములు, మందులు, రసాయనాలు పరీక్షించారు. ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. చాలామందికి నేరం కూడా ఇంకా రుజువు కాలేదు, బెయిలుకి డబ్బుల్లేక లోపలున్నారు. కొద్దిపాటి డబ్బిచ్చి సంతకాలు పెట్టించుకున్నారు. డౌ కెమికల్ కంపెనీ కోసం వాళ్ళ చర్మానికి డయాక్సిన్ కూడా రాశారు. దానివల్ల వచ్చే జబ్బు పేరు క్లోరాక్నే, అదీ మొటిమల జాతిదే. ఒక వైపు మొటిమలు తగ్గించే మందు, ఇంకో వైపు మొటిమలు పుట్టించే విషం, రెండూ అదే గోడల మధ్య. అలెన్ హోర్న్‌బ్లమ్ ఈ చరిత్ర మీద 1998లో రాసిన పుస్తకం పేరు 'ఏకర్స్ ఆఫ్ స్కిన్', ఎకరాల కొద్దీ చర్మం. విశ్వవిద్యాలయం వైద్య విభాగం 2021లో క్షమాపణ చెప్పింది, ఫిలడెల్ఫియా నగరం 2022లో. క్లిగ్‌మన్ 2010లోనే పోయాడు. మందుల షాపులో క్రీముల మీద కనపడే 'నాన్-కామెడోజెనిక్' అన్న మాట వెనక కూడా ఆయన కుందేళ్ళ చెవుల మీద చేసిన పరీక్షలున్నాయి.

ఇది తెలిశాక క్రీమ్ మానెయ్యలేదు. మానేస్తే హోమ్స్‌బర్గ్‌లో ఎవరి వీపూ బాగుపడదు. కానీ ఆ అమ్మాయి చేసినదాన్ని ఇప్పుడు ఇంకోలా చూస్తున్నాను. క్లిగ్‌మన్‌కి చర్మం తెలిసినంత బాగా ఆమెకి తెలియదు. ఆ చర్మం ఒక మనిషిదన్న సంగతి మాత్రం ఆమెకి తట్టింది, అదీ తను నష్టపోయే చోట.

తర్వాత ఒకసారి వెళితే ఆమె లేదు. వేరే చోట చేస్తోందన్నారు, ఎక్కడో చెప్పలేదు. ఇప్పటికీ రెండు నెలలకోసారి ఇంటి దగ్గర ఇంకో చిన్న పార్లర్‌కి వెళ్తున్నాను. స్క్రబ్ వద్దు, ఆవిరి వద్దు, ఆ స్టీలు పుల్ల అసలే వద్దు, ఊరికే కాసేపు ముఖం ఒత్తండి చాలు అంటాను. మొదటిరోజు అక్కడి పెద్దావిడకి అర్థం కాలేదు. "మరి పింపుల్స్‌కి ఏం చెయ్యమంటారు?" అంది. వాటికేం వద్దన్నాను. చేతులు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించి సరేనంది. బిల్లు దగ్గర చిన్న గొడవైంది. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి సర్వీసుకి పేరు లేదట. కౌంటర్‌లో అమ్మాయి లిస్టంతా కిందికీ పైకీ జరిపి, చివరికి 'బేసిక్ క్లీనప్' అని కొట్టింది.