సీరియస్‌గా అంటే సరిపోతుందా?

గజేంద్ర మోక్షం వీడియో అప్‌లోడ్ చేసేముందు జనగామలో మా ఇంటికెళ్ళి బాపమ్మకి చూపించాను. మొత్తం విని ఒకటే అడిగింది: "గిన్నిసార్లు సీరియస్‌గా, సీరియస్‌గా అంటవేంది కొడుకా? నాతోని గూడ గట్లనే అన్నవు గదా."

అన్నాను. 2025 మే 15 నుంచి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు. "సీరియస్‌గా తీసుకెళ్తా బాపమ్మా" అని మూడు సార్లు మాటిచ్చాను. రిలీజ్ ఉందని వెళ్ళలేదు. మళ్ళీ పుష్కరాలు పన్నెండేళ్ళకి. ఆమెకిప్పుడు 79.

ఆ రాత్రి కూర్చుని ఈ మాట గురించే ఆలోచించాను. "సీరియస్‌గా చదివాడు" అంటే ఎలా చదివాడో చెప్తున్నాం. అక్కడ అది పనికి అంటుకుని ఉంది. "సీరియస్‌గా, చదువుతా" అన్నప్పుడు పనితో సంబంధం లేదు, నన్ను నమ్ము అని బతిమాలుతున్నామంతే. నా పదకొండు "సీరియస్‌గా"లూ (ఎడిటింగ్‌లో లెక్కపెట్టా) ఈ రెండో రకమే.

మానుకోట దగ్గర కురవి వీరభద్రస్వామి గుడికి వెళ్ళి చూడండి. కోరమీసాలు సమర్పించడానికి వచ్చినవాళ్ళు "మొక్కు ఉండె, తీర్చినం" అంటారు. "సీరియస్‌గా మొక్కినం" అని ఎవరూ అనరు. తీర్చాల్సింది అన్న సంగతి మొక్కు అనే మాటలోనే ఉంది, దానికి ఇంకో మాట సాయం అక్కర్లేదు.

కొంచెం వ్యాకరణం, పారిపోకండి. తెలుగులో "గా" ఎక్కడిది? "అగు" అనే క్రియ నుంచి వచ్చింది, అంటే అవడం. శ్రద్ధగా చెయ్యి అంటే ముందు నువ్వే శ్రద్ధ అయ్యి, ఆ తర్వాత చెయ్యి. ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. (చూశారా, "నిజంగా" వచ్చేసింది. అలవాటు.) శ్రద్ధ అనే మాటలో కూడా శ్రత్ అంటే సత్యం, ధా అంటే పెట్టడం. సత్యంలో మనసు పెట్టడం అన్నమాట. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించుకుని వెళ్ళే శిష్యుడికి గురువు ఇదే చెప్తాడు, ఇచ్చేది శ్రద్ధతో ఇవ్వు, అశ్రద్ధతో ఇవ్వకు అని. గీత పదిహేడో అధ్యాయం చివర్లో స్వామి ఇంకా గట్టిగా చెప్పాడు. శ్రద్ధ లేకుండా చేసిన హోమం, దానం, తపస్సు అన్నీ అసత్తే, ఇక్కడా పనికిరావు, అక్కడా పనికిరావు. నేనిచ్చిన మాట కూడా ఆ లెక్కలోదే.

ఇప్పుడు గజేంద్రుణ్ణి చూడండి. పోతన గారిది మా జిల్లాలోని బమ్మెర అని మా వాళ్ళ నమ్మకం, ఆ గర్వం నాకూ ఉంది. ఆయన ఎనిమిదో స్కంధంలో రాసిన ఏనుగు మొదటిరోజే దేవుణ్ణి పిలవలేదు. వెయ్యేళ్ళు తన బలంతోనే పోరాడింది. బలం అయిపోయాక కూడా అసలు నువ్వున్నావా అని అనుమానపడింది! నేను భక్తుణ్ణి, నమ్ము అని ఎక్కడా చెప్పుకోలేదు. ఇక నువ్వు తప్ప ఎవరూ లేరు అన్న స్థితికి అది వచ్చేసింది. స్వామి పక్కనున్న లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా ఉన్నపాటున బయల్దేరాడు.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి, తెలుసు కదా. ఒకటి యముడి పేరున కాళేశ్వరుడు, రెండోది ముక్తేశ్వరుడు. దణ్ణం ముందు కాలుడికి, తర్వాతే ముక్తేశ్వరుడికి. నేను ఆ మొదటి లింగాన్ని మర్చిపోయి, టైముందిలే అనుకున్నాను.

వచ్చే శనివారం వీడియో ఉండదు. లీవ్ అప్రూవ్ అయింది. వరంగల్, పరకాల, భూపాలపల్లి మీదుగా పోతున్నాం. మోకాళ్ళ వల్ల ఆమె ఘాట్ మెట్లు దిగలేదు, అందుకని సంగమం నీళ్ళు నేనే బిందెతో తెచ్చి పోయాలి. ఫోన్ చేసి చెప్తే బాపమ్మ, "ఎక్కినంక నమ్ముతా, కారు దెచ్చి ఇంటి ముంగట పెట్టు" అంది.