శిక్షయు చెల్లింపును

సాయంకాల ప్రసంగము ముగిసిన పిదప ఒక మధ్యవయస్కుడు మా వద్దకు వచ్చి కొంతసేపు మౌనముగా కూర్చుండెను. తరువాత నిట్లనెను: "స్వామీజీ, విడాకులై రెండేండ్లు గడచినవి. ఇపుడు ఆమె యెవరో, నేనెవరో. ఐనను నెలనెలా మనోవర్తి చెల్లింపుమని కోర్టువారి యుత్తర్వు. నేను చెల్లింపను. ఒక నెల జైలులో నుండి వచ్చెదను. దానితో లెక్క సరిపోవును గదా?"

ఈ మాటలలో రెండు ప్రశ్నలు గలవు. బంధము తెగినపుడు బాధ్యతయు తెగదా? శిక్ష ననుభవించినచో ఋణము తీరదా?

మొదటిదానికి సమాధానము కష్టము కాదు. విడాకులు సహజీవనమును త్రెంచును గాని గడచిన యేండ్లను తిరిగి యియ్యజాలవు. చదువు మానుకొని యొక యింట వంట చేసి, బిడ్డలను పెంచి, అత్తగారికి సేవ చేసిన స్త్రీ యొక్క శ్రమఫలము ఆ యింటనే నిలిచిపోయినది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 488వ సెక్షను భార్యను మాత్రమే పేర్కొనెను. 1973 నాటి కోడు తన 125వ సెక్షనులో, విడాకులు పొంది పునర్వివాహము చేసికొనని స్త్రీని గూడ భార్య యను పదమునందే చేర్చెను. తన్ను తాను పోషించుకొనలేనిచో ఆమెకును హక్కు గలదు. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షను ఆ స్థానమున నున్నది. (ఇది పురుషులపై పగ యని తలపరాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము క్రింద భర్తయు భరణము కోరవచ్చును.)

రెండవ ప్రశ్నయందే ధర్మసూక్ష్మము కలదు. బాకీపడిన ప్రతి నెలకును ఒక నెలవరకు, లేదా సొమ్ము చెల్లించువరకు, ఖైదు విధింపవచ్చునని చట్టము. కనుక ఖైదే చెల్లింపని పలువురు భ్రమించిరి. 1988లో సుప్రీంకోర్టు ఈ భ్రమను తొలగించెను. ఖైదు వసూలునకు సాధనమే గాని చెల్లింపు కాదనియు, జైలునుండి వచ్చిన పిదపను బాకీ నిలిచియే యుండుననియు తీర్పు చెప్పెను. మనము తరచుగా ప్రాయశ్చిత్తమును ఋణవిమోచనముతో కలిపివేయుదుము. పొరుగువాని యావును తోలుకొనిపోయినవాడు ఎన్ని ఏకాదశులు ఉపవసించినను, ఆవు వాని దొడ్డిలోనే యున్నది గదా! ఇతని ఖైదువలన అచట నొక పూట అన్నమైనను ఉడుకదు.

అందుచేతనే చట్టము జీతమును గూడ పట్టుకొనును. సాధారణపు అప్పునకైనచో జీతములో మొదటి వేయి రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు వంతులును జప్తునకు లోబడవు. మనోవర్తి డిక్రీకైనచో మూడింట ఒక వంతు మాత్రమే రక్షణ పొందును. ఐనను పొలము తమ్ముని పేర వ్రాయించువారు, రాబడి దాచువారు గలరు. అందులకే 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఉభయులును తమ ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రముపై తెలుపవలెనని నిర్దేశించెను. ఇంకొక సంగతి తల్లులు ఎరుగవలెను: 144వ సెక్షను క్రింద, బాకీపడిన నాటినుండి ఒక సంవత్సరములోగా దరఖాస్తు చేయనిచో ఆ మొత్తమునకు వారంటు పుట్టదు. వాయిదాలకు తిరిగి తిరిగి విసిగి ఊరకుండినవారు ఈ గడువును పోగొట్టుకొనుచున్నారు.

"పోనిమ్ము తల్లీ, భగవంతుడు చూచుకొనును" అని ఆమెకు క్షమను బోధించు పెద్దలు గలరు. తనకు రావలసినదానిని విడుచుట ఆమె యిష్టము. బిడ్డకు రావలసిన గ్రాసమును క్షమించుటకు ఆమె కధికారమెక్కడిది? పైగా ఈ క్షమాబోధ చెల్లింపవలసినవాని పక్షమునుండియే తరచుగా వచ్చుచుండుట విచారింపదగినది.

ఆ గృహస్థు మరల నిట్లనెను: "ఉద్యోగము మానివేసి ఆశ్రమములో చేరినచో?" మా కాషాయమును చూచి యడిగిన మాట గనుక కొంత కఠినముగానే చెప్పవలసి వచ్చినది. ఆలుబిడ్డల పోషణకు ఏర్పాటు చేయక సన్న్యసించువానికి కౌటిల్యుడు తన అర్థశాస్త్రములో దండనమును విధించియున్నాడు. ఎగవేతకు వైరాగ్యమను పేరు పెట్టుటను మేమంగీకరింపము.

అతడు తల వంచుకొనెను. "మీ అబ్బాయి యే తరగతి చదువుచున్నాడు?" అని యడిగితిమి.

కొంతసేపు ఆలోచించి, "ఆరో, ఏడో" అనెను.